అమ్మానాన్నల సిబిల్, పిల్లల సీటు

అడ్మిషన్లు నడిచే రోజుల్లో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర, అశోక్‌నగర్ హాస్టళ్ల కింద టీ కొట్ల దగ్గర ఒక మాట తరచూ వినిపిస్తుంది: "లోన్ రాదంట అన్నా, నాన్న సిబిల్ బాలేదంట." నారాయణగూడలో కాలేజీ ఇచ్చిన ఫీజు కాగితం పట్టుకుని సుల్తాన్ బజార్ దాకా వెళ్లి, బ్యాంక్ స్ట్రీట్‌లోనో కోఠిలోనో నాలుగు బ్రాంచీలు తిరిగి వచ్చిన వాళ్లు చెప్పేది ఇదే. కౌంటర్ దగ్గర నోటిమాటగా చెప్పిన ఆ ఒక్క వాక్యంతో చాలామంది ఆగిపోతారు. అది రిజర్వు బ్యాంకు రూలే అయి ఉంటుందనుకుంటారు. సీటు వదులుకుంటారు, లేదంటే ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తారు.

తల్లిదండ్రుల సిబిల్ స్కోరు తక్కువగా ఉంటే పిల్లలకు విద్యా రుణం ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు ఎక్కడా చెప్పలేదు. ఏ రుణానికైనా ఇంత స్కోరు ఉండి తీరాలనే కనీస పరిమితిని రిజర్వు బ్యాంకు పెట్టలేదని 2025లో కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటులోనే చెప్పింది. స్కోరును చూడడం బ్యాంకుల సొంత విధానం. చూడొద్దని కూడా ఎవరూ అనలేదు, కాబట్టి చూస్తారు. కానీ చూడడం వేరు, అదొక్కటే కారణంగా తలుపు మూయడం వేరు. ఈ రెంటికీ మధ్య మన విద్యార్థులకు ఎంత చోటుందో, దాన్ని ఎలా వాడుకోవాలో వివరించాలన్నదే ఇక్కడ మా ప్రయత్నం.

స్కోరు ఎక్కడ చెడింది

సిబిల్ అని మనం వాడుకగా అంటున్నా, దేశంలో ఇలాంటి కంపెనీలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. 2005లో వచ్చిన క్రెడిట్ సమాచార కంపెనీల చట్టం కింద ఇవి పనిచేస్తాయి. మనం ఎవరి దగ్గర ఎంత అప్పు తీసుకున్నాం, ఏ నెల కిస్తీ ఎన్ని రోజులు ఆలస్యమైంది, ఎవరికి షూరిటీ పడ్డాం అనే వివరాలను బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వీటికి పంపుతాయి. వాటిని లెక్కగట్టి 300 నుంచి 900 మధ్య ఒక అంకె వేస్తారు. ఆ అంకెకు కిస్తీ తప్పిందని మాత్రమే తెలుసు. కూలి పని దొరక్క తప్పిందా, ఆసుపత్రి ఖర్చు మీద పడి తప్పిందా అన్నది దానికి తెలియదు.

దళిత కుటుంబాల్లో ఈ అంకె ఎందుకు పడిపోతుందో చూడాలంటే మన రెండు రాష్ట్రాల అప్పుల చరిత్రలోకి కొంచెం వెళ్లాలి. 2000 తర్వాత మైక్రో ఫైనాన్స్ కంపెనీలు ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోకి, బస్తీల్లోకి వచ్చినంత వేగంగా దేశంలో మరెక్కడికీ పోలేదు. ఒకే ఆడమనిషికి మూడు నాలుగు కంపెనీలు అప్పులిచ్చాయి. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల తర్వాత 2010 అక్టోబరు 15న ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, తర్వాత అది చట్టమైంది. కిస్తీలు ఆగిపోయాయి, కంపెనీలు చాలావరకు వెనక్కి తగ్గాయి. ఆర్‌బీఐ దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు ఇచ్చింది. దాంతో వాళ్లకు మళ్లీ దారి తెరుచుకుంది.

2010కీ ఇప్పటికీ మధ్య ఒక పెద్ద తేడా ఉంది. అప్పుడు మైక్రో ఫైనాన్స్ అప్పు ఎగ్గొడితే అది ఊరి గొడవగానే మిగిలేది. ఇప్పుడు ఆ అప్పు ప్రతి సభ్యురాలి పేరు మీద క్రెడిట్ బ్యూరోలో నమోదవుతుంది. డ్వాక్రా సంఘాల అప్పులు కూడా అంతే. సంఘం మొత్తానికి ఇచ్చిన అప్పు వివరాలను సభ్యురాలి వారీగా సేకరించి పంపాలని ఆర్‌బీఐ 2016లో బ్యాంకులను ఆదేశించింది. సంఘంలో తన వంతు ఎప్పుడూ తప్పని అమ్మకు కూడా, పక్కవాళ్లు కట్టనందుకు రికార్డు దెబ్బతినే ప్రమాదం ఇక్కడే ఉంది. దీనికి తోడు నాన్న పేరు మీద బైక్ ఫైనాన్స్, ఫోన్ కోసం తీసుకున్న కిస్తీ, లాక్‌డౌన్‌లో లోన్ యాప్‌లో తీసుకున్న ఐదు వేలు. వేలల్లో ఉన్న బాకీ లక్షల రుణాన్ని ఆపేస్తుంది.

అదే సమయంలో స్కోరు మంచిగా కనబడడానికి కావాల్సినవి మన ఇళ్లలో తక్కువ. నెలజీతం స్లిప్పు, ఏళ్ల తరబడి వాడిన క్రెడిట్ కార్డు, హోమ్ లోను. చిట్టీ పాట ఇరవై ఏళ్లుగా ఒక్క నెలా తప్పకుండా కట్టిన తల్లి నమ్మకస్తురాలని బస్తీ అంతటికీ తెలుసు, బ్యూరోకు మాత్రం తెలియదు. అప్పు అడగడానికి అర్హత అప్పటికే అప్పు దొరికి ఉండడం. ఈ లెక్కలో కులం పేరు ఎక్కడా రాయరు. రాయకుండానే అది పనిచేస్తుందని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

ఎవరి భవిష్యత్తు చూడాలి

దేశంలో బ్యాంకులు ఇచ్చే విద్యా రుణాలకు ఆధారం ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ తయారు చేసిన మోడల్ విద్యా రుణ పథకం. 2001లో మొదలై పలుమార్లు మారింది. మామూలుగా రుణం మంజూరు చేసేటప్పుడు విద్యార్థికి చదువు తర్వాత వచ్చే ఆదాయాన్నే చూడాలని, అవసరమైతే తల్లిదండ్రుల స్తోమతను కూడా లెక్కలోకి తీసుకోవచ్చని ఆ పథకం చెప్పింది. రెండు భాగాల ఈ నియమంలో బ్యాంకులు రెండో భాగాన్ని ముందుకు తెచ్చి, మొదటి భాగాన్ని మరిచిపోయాయి.

ఈ మొదటి భాగాన్ని గుర్తు చేసింది కేరళ హైకోర్టు. 2020లో ఒక విద్యార్థి స్టేట్ బ్యాంకు మీద వేసిన కేసులో, తల్లిదండ్రుల క్రెడిట్ స్కోరు సంతృప్తికరంగా లేకపోవడం విద్యా రుణం తిరస్కరించడానికి కారణం కాజాలదని, చదువు పూర్తయ్యాక విద్యార్థికి ఉండే చెల్లింపు శక్తే నిర్ణయించాలని చెప్పింది. 2023 మే నెలలో జస్టిస్ పి.వి. కున్హికృష్ణన్ ఇంకో అడుగు ముందుకు వేశారు. అక్కడ విద్యార్థి సొంత స్కోరే తక్కువ. పాత అప్పు ఒకటి బకాయి ఉంది, ఇంకొకటి బ్యాంకు రద్దు పద్దులో రాసేసింది. రూల్స్ ఒప్పుకోవని బ్యాంకు వాదించింది. అయినా విద్యా రుణాల విషయంలో బ్యాంకులు మానవీయంగా ఆలోచించాలని అంటూ, ఫీజు డబ్బు కాలేజీకి విడుదల చేయమని కోర్టు ఆదేశించింది.

కేరళ హైకోర్టు మాట తెలంగాణ హైకోర్టును కట్టిపడేయదు. మన కోర్టులో దాన్ని చూపించవచ్చు, జడ్జి ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కానీ కోర్టు దాకా పోకముందే ఈ తీర్పులకు ఒక ఉపయోగం ఉంది. బ్రాంచి మేనేజరుకు ఇచ్చే దరఖాస్తులో వీటిని ప్రస్తావిస్తే, ఎదురుగా ఉన్నది నోటిమాటకు వెనుదిరిగే మనిషి కాదని ఆయనకు తెలుస్తుంది.

ఇక మొదటిసారి అప్పు అడిగే విద్యార్థుల సంగతి. పద్దెనిమిదేళ్ల పిల్లకు బ్యూరోలో చరిత్రే ఉండదు. స్కోరు బదులు మైనస్ ఒకటి అనో 'ఎన్‌హెచ్' అనో వస్తుంది. ఇది చెడ్డ స్కోరు కాదు, ఖాళీ పలక. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో కొత్తవాళ్ల దరఖాస్తును తిరస్కరించవద్దని కూడా ఆర్‌బీఐ బ్యాంకులకు చెప్పింది.

ఎంత దాకా తాకట్టు లేకుండా

నాలుగు లక్షల రూపాయల దాకా విద్యా రుణానికి తాకట్టు గానీ, షూరిటీ గానీ అడగకూడదు. మన చేతి డబ్బు కూడా పెట్టక్కర్లేదు. నాలుగు లక్షలు దాటితే దేశంలో చదువుకు ఐదు శాతం, విదేశీ చదువుకు పదిహేను శాతం మనం పెట్టుకోవాలి. వచ్చే స్కాలర్‌షిప్పును ఆ వాటాలో చూపించవచ్చు. నాలుగు నుంచి ఏడున్నర లక్షల మధ్య బ్యాంకులు ఒకప్పుడు మూడో మనిషి షూరిటీ అడిగేవి. ఇక్కడే మన పిల్లలు ఎక్కువగా ఓడిపోయేవారు, ఎందుకంటే జామీను పడడానికి గవర్నమెంటు ఉద్యోగి చుట్టం అందరికీ ఉండడు. 2015 సెప్టెంబరులో కేంద్రం విద్యా రుణాలకు క్రెడిట్ గ్యారంటీ నిధి పెట్టింది. ఏడున్నర లక్షల దాకా తాకట్టు, షూరిటీ లేకుండా ఇచ్చిన రుణం మునిగిపోతే, బాకీలో 75 శాతం ఆ నిధి బ్యాంకుకు చెల్లిస్తుంది. నష్టంలో ముప్పాతిక భాగం ప్రభుత్వం మోస్తానంటున్నప్పుడు, ఏడున్నర లక్షల లోపు రుణానికి నాన్న స్కోరు అడ్డమని చెప్పే బ్యాంకు దేనికి భయపడుతోందో అడగాలి.

ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు. ఊళ్లో ఉన్నది అసైన్డ్ భూమి అయితే తిప్పలే. 1977 నాటి చట్టం ఆ భూముల అమ్మకాన్ని నిషేధించినా, షెడ్యూల్డ్ బ్యాంకుల తనఖాకు మినహాయింపు ఇచ్చింది. కాగితం మీద కుదురుతుంది గానీ, వేలం వేస్తే కొనేవాడు దొరకడని బ్యాంకులు దాన్ని ముట్టుకోవు.

2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఈ ఏడున్నర లక్షల గీతను కొంతమందికి చెరిపేసింది. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల ఆధారంగా ఎంపిక చేసిన సంస్థల్లో సీటు వస్తే, తాకట్టూ షూరిటీ లేకుండా రుణం ఇవ్వాలి. మొదట 860 సంస్థలతో జాబితా వేశారు. కేంద్ర ప్రభుత్వ సంస్థలన్నీ అందులో ఉంటాయి కాబట్టి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ, మనూ, ఐఐటీ లాంటివి వస్తాయి. ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు, పది లక్షల దాకా రుణం మీద, చదువు కాలం ప్లస్ ఒక ఏడాదికి మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది.

దీని మీద మాకు రెండు అభ్యంతరాలున్నాయి. దళిత విద్యార్థుల్లో ఎక్కువమంది చదివేది ఆ జాబితాలో లేని మామూలు కాలేజీల్లో. జాబితాలో ఉన్న చోట చదివినా, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్పు పొందుతున్నవాళ్లకు ఆ వడ్డీ రాయితీ వర్తించదు. అంటే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు తీసుకునే ఎస్సీ విద్యార్థికి రుణం దొరకవచ్చు గానీ రాయితీ దొరకదు. పథకం గురించి పేపర్లలో చదివి ఆశపడేవాళ్లకు ఈ షరతు ముందే తెలియాలి.

మామూలు కాలేజీ వాళ్లకు ఎక్కువగా పనికొచ్చేది పాత పథకమే. 2009-10 నుంచి నడుస్తున్న కేంద్ర వడ్డీ రాయితీ పథకం. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉండి, న్యాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న చోట సాంకేతిక, వృత్తి కోర్సు చదివితే, చదువు కాలం ప్లస్ ఒక ఏడాది వడ్డీ మొత్తం కేంద్రమే కడుతుంది. ఇది చిన్న విషయంలా కనబడుతుంది, లెక్క వేస్తే కాదు. నాలుగేళ్ల ఇంజనీరింగ్‌కు ఏడాదికి లక్ష చొప్పున పది శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. చదువైన ఏడాది తర్వాత కిస్తీలు మొదలయ్యే నాటికి మామూలు వడ్డీయే లక్షా నలభై వేలు అవుతుంది. రాయితీ లేకపోతే ఐదు లక్షల నలభై వేల మీద పదిహేనేళ్లు నెలకు సుమారు 5,800 కట్టాలి. రాయితీ ఉంటే నాలుగు లక్షల మీద సుమారు 4,300. ఆదాయ ధ్రువపత్రం సమయానికి బ్యాంకులో ఇవ్వకపోవడం వల్ల, బ్యాంకు క్లెయిమ్ పంపకపోవడం వల్ల ఈ తేడా మన నెత్తిన పడకూడదు. రుణం మంజూరైన రోజే రాయితీ ఫారం అడిగి ఇచ్చి, తీసుకున్నట్టు రాయించుకోవాలి.

బ్యాంకుకు వెళ్లే ముందు

ముందు అమ్మది, నాన్నది, సొంతది క్రెడిట్ రిపోర్టులు తెచ్చుకోవాలి. ప్రతి కంపెనీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అశోక్‌నగర్‌లో జిరాక్స్ షాపు ఎక్కడుందో అక్కడ 'సిబిల్ చెక్' బోర్డు కూడా కనబడుతుంది. డబ్బు ఇవ్వక్కర్లేదు, అంతకంటే ముఖ్యంగా అమ్మ ఆధార్, పాన్, ఓటీపీ ఎవరి చేతిలోనూ పెట్టొద్దు. కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఫోన్‌లోనే తీసుకోవచ్చు.

రిపోర్టులో స్కోరు కంటే కింద ఉండే అప్పుల జాబితా ముఖ్యం. అందులో మనవి కాని అప్పులు ఉంటాయి. ఒకే ఊళ్లో ఒకే పేరు, తండ్రి పేరు కలిసిపోయి వేరేవాళ్ల అప్పు వచ్చి పడుతుంది. తీర్చేసిన అప్పు ఇంకా బాకీగానే కనబడుతుంది. ఇలాంటివి ఉంటే ఆ కంపెనీకి, అప్పు ఇచ్చిన సంస్థకు ఫిర్యాదు పెట్టాలి. 30 రోజుల్లో సరిదిద్దకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం మనకు ఇవ్వాలని ఆర్‌బీఐ 2023 అక్టోబరులో ఆదేశించింది. దీన్ని అడిగేవాళ్లు తక్కువ. అడగాలి.

అప్పు నిజమైతే, రెండు మాటల తేడా తెలుసుకోవాలి: 'క్లోజ్డ్', 'సెటిల్డ్'. వసూలు మనిషి వచ్చి, ఇరవై వేల బాకీకి ఎనిమిది వేలు కట్టు, అయిపోతుంది అంటాడు. అప్పుడు రికార్డులో సెటిల్డ్ అని పడుతుంది. అంటే పూర్తిగా కట్టలేదని. తర్వాత వచ్చే ప్రతి బ్యాంకూ దాన్ని మచ్చగానే చూస్తుంది. మొత్తం కట్టగలిగితే కట్టి, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, రికార్డులో క్లోజ్డ్ అని పడిందా లేదా చూసుకోవాలి. రికార్డులు ఇప్పుడు కనీసం పదిహేను రోజులకోసారి పంపాలి కాబట్టి, మే నెలలో కట్టింది జూన్ అడ్మిషన్ల నాటికి కనబడే అవకాశం ఉంది. ఇంట్లో చిన్నచిన్న బాకీలు నాలుగుంటే, అన్నిట్లో కొంత కట్టడం కంటే ఒకటి రెండు పూర్తిగా మూసేయడమే మేలని మా అభిప్రాయం.

కో-అప్లికెంట్‌గా నాన్నే ఉండాలని లేదు. అలవాటుగా ఇంటి పెద్ద పేరు రాస్తాం. నాన్న రికార్డు చెడి, డ్వాక్రాలో ఏళ్లుగా కిస్తీ తప్పని అమ్మ రికార్డు బాగుంటే అమ్మ పేరు రాయండి. పెళ్లయిన విద్యార్థినికి భర్త గానీ, అత్తమామలు గానీ ఉండవచ్చు. అన్న, మేనమామ లాంటివాళ్లను ఒప్పుకునే బ్యాంకులూ ఉన్నాయి. వాళ్లు ఏమి రాసిస్తున్నారో వాళ్లకు ముందే చెప్పాలి. రేపు కిస్తీ తప్పితే వాళ్ల రికార్డూ పోతుంది.

కౌంటర్ దగ్గర

నోటిమాటతో వెనక్కి రావొద్దు. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి, లేదా విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టండి. పోర్టల్‌లో పెట్టిందానికి నంబరు, తేదీ ఉంటాయి. మేము అసలు దరఖాస్తే తీసుకోలేదు అని తర్వాత అనడానికి వీలుండదు. చాలా తిరస్కరణలు రికార్డుల్లోకి ఎక్కకపోవడానికి కారణం దరఖాస్తే లేకపోవడం.

మీ సొంతూరు బ్రాంచికి పొమ్మని పంపడం ఇంకో పద్ధతి. మహబూబ్‌నగర్ నుంచో ఖమ్మం నుంచో వచ్చి చిక్కడపల్లిలో ఉండి చదివేవాళ్లు ఎక్కువగా వినేది ఇది. ఇల్లు తమ సర్వీస్ ఏరియాలో లేదన్న కారణంతో విద్యా రుణ దరఖాస్తును తిరస్కరించవద్దని ఆర్‌బీఐ 2012 నవంబరులోనే సర్క్యులర్ ఇచ్చింది.

తిరస్కరిస్తే, కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. 2003లో చిన్న రుణాలకు తెచ్చిన ఈ నియమాన్ని 2007లో ఆర్‌బీఐ అన్ని రకాల రుణాలకూ వర్తింపజేసింది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు దీని మీద ఇంకొక రక్షణ ఉంది, అది మన సంఘాల్లో కూడా చాలామందికి తెలియదు. ఎస్సీ, ఎస్టీలకు రుణ సదుపాయాల మీద ఆర్‌బీఐ ఇస్తూ వచ్చిన మాస్టర్ సర్క్యులర్‌లో, వాళ్ల దరఖాస్తులను సానుభూతితో పరిశీలించాలని, తిరస్కరించాల్సి వస్తే ఆ నిర్ణయం బ్రాంచి స్థాయిలో కాకుండా పై స్థాయిలో జరగాలని, కారణాలు స్పష్టంగా చెప్పాలని ఉంది. అంటే కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషికి మన దరఖాస్తును కాదనే అధికారమే లేదు. కుల ధ్రువపత్రం నకలు దరఖాస్తుకు జతచేయడం, ఈ నియమాన్ని ఒక వాక్యంలో రాయడం అందుకే. పైగా ఎస్సీ, ఎస్టీలకు ఇచ్చే రుణం బలహీన వర్గాల వాటా కింద లెక్కకు వస్తుంది. ప్రాధాన్య రంగ నియమాల ప్రకారం బ్యాంకు సవరించిన నికర రుణంలో ఆ వాటా 12 శాతం ఉండాలి. విద్యా రుణం తనకు తానుగానే ప్రాధాన్య రంగం, 2025 ఏప్రిల్ నుంచి 25 లక్షల దాకా. మనకు అప్పిస్తే బ్యాంకు తన లక్ష్యం తీర్చుకుంటుంది, దానం చేయదు.

రాతపూర్వక కారణం చేతికి వచ్చాక దారులు మూడు. మొదటిది బ్యాంకు లోపలి ఫిర్యాదు విభాగం. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు, ఖర్చు లేదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. రుణం ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయమని చెప్పి అంబుడ్స్‌మన్ ఫిర్యాదును మూసేయవచ్చు. అందుకే 'నాకు రుణం ఇవ్వలేదు' అని రాయకండి. దరఖాస్తు తీసుకోలేదు, గడువులో జవాబు ఇవ్వలేదు, కారణం రాసివ్వలేదు, బ్రాంచి స్థాయిలోనే తిరస్కరించారు, నాలుగు లక్షల లోపుకే తాకట్టు అడిగారు అని రాయండి. నిర్ణయం మీద కాదు, నియమం తప్పడం మీద ఫిర్యాదు.

రెండోది సమాచార హక్కు. ప్రభుత్వ రంగ బ్యాంకులు ఆ చట్టం కిందకి వస్తాయి. పది రూపాయల ఫీజుతో, మన సొంత దరఖాస్తు ఫైలులో ఏ అధికారి ఏమి రాశారో నకలు అడగవచ్చు. ఈ ఏడాది ఈ బ్రాంచికి ఎస్సీ విద్యార్థుల నుంచి ఎన్ని విద్యా రుణ దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని తిరస్కరించారు అని కూడా అడగవచ్చు. ఇది ఒక్క విద్యార్థి చేయలేని పని, విద్యార్థి సంఘాలు చేయాల్సింది. సుల్తాన్ బజార్ నుంచి అశోక్‌నగర్ దాకా ఉన్న బ్రాంచీలన్నిటికీ ఒకే ప్రశ్నతో పది దరఖాస్తులు వేస్తే, మన చేతిలో ఆరోపణ బదులు లెక్క ఉంటుంది.

మూడోది హైకోర్టులో రిట్. ప్రభుత్వ రంగ బ్యాంకు మీద వేయడం సులభం, ప్రైవేటు బ్యాంకు మీద కష్టం. బ్యాంకును ఎంచుకునేటప్పుడే ఇది గుర్తుంచుకోవాలి. లాయరు ఫీజుకు భయపడక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీకి దరఖాస్తు పెట్టుకుంటే లాయరును ఇస్తారు. అడ్మిషన్ గడువు దగ్గర పడిందని చూపించే కాలేజీ లేఖ ఉంటే మధ్యంతర ఉత్తర్వు అడగడానికి బలం వస్తుంది.

అప్పు కంటే ముందు

విదేశీ చదువుల కన్సల్టెన్సీలు చూపించే దారి వేరు. బ్యాంకు కాదంటే ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ ఉంది, స్కోరు సంగతి మేము చూసుకుంటాం అంటారు. అక్కడ వడ్డీ బ్యాంకుల కంటే ఎక్కువ, చాలాచోట్ల చదువుతుండగానే వడ్డీ కట్టాలి, కేంద్రం వడ్డీ రాయితీ వర్తించదు. స్కోరు పెంచిపెడతామని డబ్బు తీసుకునేవాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. సరైన సమాచారాన్ని ఎవరూ చెరపలేరు, తప్పుడు సమాచారాన్ని మనమే ఉచితంగా సరిచేయించుకోవచ్చు. బయటి దేశాలకు వెళ్లే ఎస్సీ విద్యార్థులు అప్పుకు ముందు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యా నిధికి ఈపాస్‌లో దరఖాస్తు చేయాలి. కుటుంబ ఆదాయం ఐదు లక్షల లోపు ఉంటే 20 లక్షల దాకా గ్రాంటు అది, తిరిగి కట్టక్కర్లేదు, ఎవరి సిబిల్‌తోనూ పని లేదు.

అంబేడ్కర్ కూడా చదువు కోసం అప్పు చేశాడు. 1920లో లండన్ చదువు పూర్తిచేయడానికి వెళ్లేటప్పుడు తన జీతంలో దాచుకున్న డబ్బుకు తోడు, పార్సీ మిత్రుడు నావల్ భథేనా దగ్గర ఐదు వేల రూపాయలు తీసుకున్నాడు. భథేనా ఆయన తండ్రి లెక్కలు అడగలేదు. కానీ అదే అంబేడ్కర్ తర్వాత వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్నప్పుడు, మన పిల్లలకు అలాంటి మిత్రుడు దొరకాలని కోరుకోలేదు. ప్రభుత్వం చేత స్కాలర్‌షిప్పు పెట్టించాడు. ఇవాళ్టి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944లో అలా మొదలైందే.

అందుకే విద్యా రుణాన్ని హక్కుగా అడుగుతూనే, అది ఎందుకు అవసరమవుతోందో కూడా అడగాలి. తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోయి, కాలేజీలు బంద్‌కు పిలుపునిచ్చే దాకా వచ్చింది. ప్రభుత్వం కట్టాల్సిన ఫీజును ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం అని కాలేజీ అంటుంది. కట్టకపోతే సర్టిఫికెట్లు ఆపుతుంది. ఆ ఫీజు కోసం అమ్మ మళ్లీ మైక్రో ఫైనాన్స్ గ్రూపులో వేలిముద్ర వేస్తుంది. రెండు కిస్తీలు తప్పితే ఆమె రికార్డు పోతుంది, తర్వాత తమ్ముడి విద్యా రుణానికి ఆ రికార్డే అడ్డం పడుతుంది. ఇక్కడ మొదట బాకీ పడింది ప్రభుత్వం. దాని ఆలస్యం ఏ క్రెడిట్ బ్యూరోలోనూ నమోదు కాదు. కాబట్టి బ్యాంకుకు ఇచ్చే దరఖాస్తుకు ఈపాస్‌లో ఎన్నేళ్ల ఫీజు పెండింగ్‌లో ఉందో చూపించే పేజీ ప్రింటు కూడా జతచేయండి. ఇంటి బాకీ ఎక్కడి నుంచి వచ్చిందో మేనేజరు పైవాళ్లకు పంపే ఫైలులో అది ఉండాలి. రేపు కోర్టుకు పోవాల్సి వస్తే అదే ఫైలు జడ్జి ముందుకు వెళ్తుంది.